ఇంకా చదివి ఏం చేస్తావు?

2022వ సంవత్సరం, బక్రీదు పండుగ వెళ్లిన మూడో రోజు. అసర్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, మా వీధి చివర మందుల దుకాణం నడిపే పెద్దమనిషి వరండాలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయనతో మాకు ఏళ్ల తరబడి పరిచయం. నెలాఖరులో నా చేతిలో డబ్బు లేనప్పుడు మా అమ్మకు మందులు అరువిచ్చిన మనిషి. అందుచేత ఆయన మాటను తేలికగా తీసుకునే స్థితిలో నేను లేను. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతి చెప్పాడు.

"మౌలానా గారూ, అమ్మాయికి బీ ఫార్మసీ పూర్తయింది కదా. ఫలితాలు వచ్చి, ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు కాగానే ఆ పత్రం నా దుకాణానికి ఇప్పించండి. నెలనెలా ఐదు వేలు మీ చేతికి అందిస్తాను. అమ్మాయి గడప దాటనక్కరలేదు. రేపు పెళ్లయి అత్తవారింటికి వెళ్లినా ఇబ్బంది లేదు."

పాఠకుల ముందు దాచడం దేనికి? ఆ క్షణంలో నా మనసు లెక్కలు వేసింది. మద్రసాలో నాకు ముట్టే జీతం అప్పటికి పదిహేను వేలు. అందులో మూడో వంతు, ఏ శ్రమా లేకుండా ఇంటికి వచ్చి చేరుతుంది. "ఆలోచించి చెబుతాను" అని ఆయనను సాగనంపాను. ఇతరుల పిల్లలకు ధర్మసమ్మతమైన సంపాదన గురించి ముప్పై ఏళ్లుగా పాఠాలు చెప్పే నేను "వద్దు" అనడానికి బదులు "ఆలోచిస్తాను" అన్నాను. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

మా అమ్మాయి తలుపు వెనుక నుంచి అంతా విన్నది. ఖాళీ టీ గ్లాసులు తీసుకువెళ్లడానికి వచ్చి మెల్లగా అన్నది: "అబ్బాజాన్, ఆ పత్రం గోడకు వేలాడితే చాలదు. డాక్టరు చీటీ మీద అమ్మే మందులు ఫార్మసిస్టు కళ్ల ఎదుట, ఆమె పర్యవేక్షణలో అమ్మాలి. చట్టం అడిగేది అది. నేను ఇంట్లో కూర్చుని నా పేరు అక్కడ వేలాడదీస్తే, ఎవరికైనా తప్పు మందు వెళ్లినప్పుడు ఆ తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది?"

నా దగ్గర సమాధానం లేదు. నేను మౌనంగా ఉండడం చూసి, చాలాకాలంగా మనసులో పెట్టుకున్న మాట కూడా ఆమె అప్పుడే చెప్పేసింది. "నాకు ఎం ఫార్మసీ చదవాలని ఉంది."

దానికి నా నోటి నుంచి వెలువడిన మాట: "ఇంకా చదివి ఏం చేస్తావు?"

గ్లాసులు తీసుకుని ఆమె లోపలికి వెళ్లిపోయింది. తర్వాత చాలా రోజుల వరకు ఆ ప్రస్తావన తేలేదు.

నిజానికి ఆ వాక్యం నాది కాదు, మా నాన్నగారిది. 1993లో తమిళనాడులోని ఒక మద్రసాలో ఆలిమ్ చదువు ముగించి నేను ఇంటికి వచ్చాను. మా ఉస్తాదు నన్ను దేవ్‌బంద్ వెళ్లి ఇఫ్తా చదవమన్నారు. ధర్మశాస్త్ర ప్రశ్నలకు సమాధానమిచ్చే ముఫ్తీలను తయారుచేసే చదువు అది. సామాన్య ఆలిమ్ చదువు మీద అదొక ప్రత్యేక శిక్షణ. డాక్టర్లకు ఎండీ ఎలాంటిదో మాకు అది అలాంటిది. మా నాన్నగారికి చిన్న సైకిలు దుకాణం ఉండేది. నా వెనుక ముగ్గురు చెల్లెళ్లు. పొరుగూరి మసీదులో ఇమామ్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. చక్రానికి చువ్వలు బిగిస్తూ, తల ఎత్తకుండానే ఆయన అన్నారు: "ఇంకా చదివి ఏం చేస్తావు బేటా?" అందులో కోపం లేదు, కాదనడం కూడా లేదు. ఉత్త ప్రశ్న. కానీ ఇరవై రెండేళ్ల కుర్రవాని దగ్గర దానికి జవాబు ఎక్కడిది? ఆ చదువు చదివితేగాని ఆ జవాబు దొరకదు. నేను ఇమామ్‌గా చేరిపోయాను. చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. అల్‌హందులిల్లాహ్, దానికి నేనేమీ చింతించడం లేదు.

చింతించే సంగతి వేరొకటి ఉంది. కొన్నేళ్ల క్రితం పొరుగు గ్రామం నుంచి ఒక వితంతువు వారసత్వం గురించి ప్రశ్నతో నా దగ్గరకు వచ్చింది. వాటాల చిక్కు లోతైనది. సామాన్యంగా ఎదురయ్యే లెక్కలు నాకు వస్తాయి గాని, అది నా చదువు హద్దులు దాటిన ప్రశ్న. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మా ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం. కనుక ప్రశ్నను కాగితం మీద రాసి హైదరాబాదులోని ముఫ్తీలకు పంపాను. జవాబు రావడానికి నెల రోజులు పట్టింది. అది వచ్చేలోగా మరిది ఆ పొలాన్ని అమ్మేశాడు. ఆమె మళ్లీ నా దగ్గరకు రాలేదు. వచ్చి నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదేమో.

మా అమ్మాయి ఫార్మసీలోకి కోరుకుని వెళ్లలేదు. ఈ సంగతి కూడా ముందే చెప్పాలి. మన రాష్ట్రాలలో బైపీసీ చదివిన పిల్లల్లో అధికభాగం కన్ను ఎంబీబీఎస్ మీదే ఉంటుంది. నీట్‌లో సీటు రాని రోజున తల్లిదండ్రులు రెండో జాబితా తీస్తారు. అందులో ఫార్మసీ ఉంటుంది. ఆమె 2018లో అలాగే చేరింది. మొదటి సంవత్సరమంతా ముఖం ముడుచుకునే ఉంది. రెండో సంవత్సరం కరోనా మింగేసింది. ప్రయోగశాలలో చేతులతో చేయవలసిన ప్రయోగాలను తమ్ముడితో పంచుకున్న ఒక ఫోనులో, రాకపోకలు సాగించే సిగ్నలు మధ్య చూసింది. ఒక మెట్టు మీద అయిష్టంగా నిలబడిన మనిషి పై మెట్టు గురించి ఆలోచించడు. పీజీ వైపు పిల్లలు ఎందుకు వెళ్లరని అడిగేవారు ఈ మొదటి సంగతిని తరచుగా మరచిపోతారు. డిగ్రీలోనే సగం మంది ఓడిపోయినవారిలా అడుగుపెడుతున్నారు.

ఆమె మనసు మళ్లిన రోజు నాకు బాగా గుర్తు. 2021 చలికాలంలో ఒక తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచిన మా అమ్మ వజూ చేస్తూ చేస్తూనే కూలబడిపోయింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. నేను గుండెపోటు అనుకున్నాను. ఆటో కోసం పరుగెత్తాను. మా అమ్మాయి మాత్రం దాదీ చేయి పట్టుకుని చూసి, పంచదార నీళ్లు కలిపి తాగించింది. నేను ఆటోతో తిరిగి వచ్చేసరికి మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "నమాజు వేళ దాటిపోతోంది" అని మమ్మల్ని కోప్పడుతోంది.

ఆ తర్వాత అమ్మాయి దాదీ మందుల డబ్బాను మంచం మీద బోర్లించింది. మా పట్టణంలోని డాక్టరు రాసినవి కొన్ని, గుంటూరు ఆసుపత్రిలో రాసినవి కొన్ని. ఒక్కో స్ట్రిప్పు వెనుక ఉన్న సన్నని అక్షరాలను వెలుతురులో పెట్టి చదివింది. రెండు స్ట్రిప్పులు విడిగా పెట్టి నా చేతికి ఇచ్చింది. రంగులు వేరు, కంపెనీలు వేరు, పెద్ద అక్షరాలలో ఉన్న పేర్లు వేరు. చిన్న అక్షరాలలో ఉన్న పేరు మాత్రం రెండింటి మీదా ఒకటే, గ్లిమిపిరైడ్. రక్తంలో చక్కెరను తగ్గించే మందు. మా అమ్మ మూడు వారాలుగా దాన్ని రోజుకు రెండింతలు మింగుతోంది. ఇద్దరు డాక్టర్లూ తమ వరకు సరిగానే రాశారు. దుకాణంలో కుర్రవాడు చీటీలో ఉన్నదే ఇచ్చాడు. రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూసిన మనిషే లేడు.

డాక్టరు ఒక మందు కొట్టివేశాడు. వ్యవహారం అంతటితో ముగిసిందని నేను అనుకున్నాను. అమ్మాయికి మాత్రం అక్కడే మొదలైంది. పక్కింటి పెద్దావిడ ఎక్కువ మోతాదు తీసుకుంటున్నా ఆమెకు ఏమీ కాలేదే, దాదీకే ఎందుకిలా జరిగింది? వయసు వల్లనా, మూత్రపిండాలు నెమ్మదించడం వల్లనా? ఈ ప్రశ్న వేసుకుని పుస్తకం తిప్పితే దాని గురించి అక్కడ ఉన్నవి రెండు వాక్యాలు. కళాశాలలో అధ్యాపకుణ్ణి అడిగితే, ఆయన తన సొంత పుస్తకాలు రెండు తెచ్చి ఇచ్చి, "దీని లోతు చూడాలంటే ఫార్మకాలజీలో ఎం ఫార్మసీ చేయాలమ్మా" అన్నాడట. అప్పటి నుంచి సెలవు రోజుల్లో కూడా కళాశాలకు వెళ్లడం మొదలుపెట్టింది. ప్రయోగశాల తాళం ఆ అధ్యాపకుడి దగ్గరే ఉండేది.

ఆయన గురించి ఇంకో మాట చెప్పాలి. పిల్లలను పై చదువుకు పురికొల్పింది ఆయనే. తెలియకుండానే వెనక్కి లాగిందీ ఆయన జీవితమే. పదేళ్లుగా బోధిస్తున్న ఆయన జీతమెంతో తరగతిలో అందరికీ తెలుసు. అది నా మద్రసా జీతం కన్నా మరీ ఎక్కువేమీ కాదు. కొన్ని నెలలు అదీ అందదు. సాయంత్రాలు ఒక దుకాణంలో కూర్చుంటాడు. ఎం ఫార్మసీ చదివినవారు ఎలా బతుకుతారో చూపే నమూనాగా పిల్లల కళ్ల ముందు ఉన్నది ఆయన ఒక్కడే.

ఆగస్టులో ఫలితాలు వచ్చిన వారం, మా అమ్మాయి తోటి విద్యార్థినులు ఐదుగురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను వరండాలో పుస్తకం తెరిచి కూర్చున్నాను గాని నా చెవులు లోపలే ఉన్నాయి. కొంతసేపటికి ఆ నటన మానుకుని లోపలికి వెళ్లి, "మీలో పై చదువుకు వెళ్లేవారు ఎవరమ్మా?" అని నేరుగా అడిగాను. ఆడపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

మొదటి అమ్మాయి హైదరాబాదు వెళుతోంది. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటే కొద్ది నెలల్లో ఉద్యోగం వస్తుందట. అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం రోగాలకూ చికిత్సలకూ సంకేతాలు వేసే పని అది. "నాలుగేళ్లు చదివినదానికీ దానికీ సంబంధం ఉందా?" అన్నాను. "శరీర భాగాల పేర్లు తెలిస్తే చాలు అంకుల్, మొదటి నెల నుంచే జీతం" అన్నది. ఆమె తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ఆ అమ్మాయిని తప్పుపట్టే నోరు నాకు లేదు.

రెండో అమ్మాయిని మేనమామ ఎమ్మెస్ చదువుకు ఇంగ్లండు పంపిస్తున్నాడు. పొలం తాకట్టు పెడుతున్నారు. ఇక్కడ పీజీ మీద ఖర్చు పెట్టని ఇల్లు అక్కడి పీజీ కోసం పొలం తాకట్టు పెడుతుంది. ఎందుకని అడిగితే ఆ అమ్మాయి తడుముకోలేదు. అక్కడ చదువుతూనే ఏదో పని చేసుకోవచ్చు, ఆ పైన వీసా దొరుకుతుంది. చదువు కన్నా దారి ముఖ్యమని దాని అర్థం.

మూడో అమ్మాయికి సొంత మందుల దుకాణం ఉంది. తండ్రి రెండేళ్ల డిప్లొమా చదివి దాన్ని పాతికేళ్లుగా నడుపుతున్నాడు. ఆమె చెప్పిన మాట నన్ను ఆలోచింపజేసింది. 1948 నాటి ఫార్మసీ చట్టం కింద డిప్లొమా చదివినవారూ, నాలుగేళ్ల డిగ్రీ చదివినవారూ, 2008 నుంచి వచ్చిన ఆరేళ్ల ఫార్మ్ డీ చదివినవారూ ఒకే రిజిస్టరులోకి ఎక్కుతారు. దుకాణం దృష్టిలో అందరూ సమానులే. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి కూడా డిగ్రీ చాలు. "మా నాన్న కూర్చున్న కుర్చీలోనే నేనూ కూర్చోవాలి. మరో రెండేళ్లు చదివితే ఆ కుర్చీ ఎత్తు పెరుగుతుందా?" అన్నది. ఎం ఫార్మసీని తప్పనిసరిగా అడిగే చోటు ఏదని తర్వాత నేను విచారించాను. కళాశాలలో బోధించాలన్నా, పీహెచ్‌డీకి వెళ్లాలన్నా అది కావాలి. కంపెనీల పరిశోధన విభాగాల్లో దానికి గిరాకీ ఉంది. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా సిటీ వంటి చోట్ల మందులు తయారయ్యే విభాగాల్లోనూ, నాణ్యత పరీక్షించే విభాగాల్లోనూ డిగ్రీవారు చేరుతూనే ఉంటారు. రెండేళ్లు ముందు చేరినవాడికి రెండేళ్ల అనుభవం లెక్కలోకి వస్తుంది. పై చదువు చదివి వచ్చినవాడు అతనితో పోటీపడవలసి వస్తుంది.

నాలుగో అమ్మాయి మాట్లాడలేదు. ఆమెకు నిశ్చయం అయిపోయింది.

ఐదో అమ్మాయి ఎం ఫార్మసీలో చేరుతుందట. నాకు సంతోషం కలిగింది. అయితే ఆమె కారణం విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంట్లో ఉంటే పెళ్లి చేసేస్తారు అంకుల్. ఈ రెండేళ్లు నావి." ఆ మాట విన్నప్పుడు మా అమ్మాయి నా వైపు చూడలేదు. అదొక్కటే నేను గమనించాను.

వారు వెళ్లిపోయాక నేను కలం కాగితం తీసుకుని కూర్చున్నాను. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేరేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోయింది. డిగ్రీ నాలుగేళ్లూ మా ఇంటికి ఆధారమైనది అదే. ఇక మిగిలింది జీప్యాట్. దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష అది. మూడు గంటలలో 125 ప్రశ్నలు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. అందులో అర్హత పొంది ఎం ఫార్మసీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండు. మా అమ్మాయి ఆ పరీక్షను ఏప్రిల్‌లో, రమజాను తొలివారపు ఉపవాసంతో రాసింది. కొద్ది మార్కులలో అర్హత తప్పిపోయింది. ఈ సంగతి నాకు ఆగస్టు దాకా తెలియదు. రాసిన రోజున "కళాశాలలో ఏదో పరీక్ష" అని చెప్పి వెళ్లింది. నేను అడగలేదు. అర్హత వస్తేనే నాకు చెప్పాలనుకున్నదని తల్లి ద్వారా తెలిసింది.

ఆ రాత్రి ఆమెను పిలిచి ధైర్యం చెప్పబోయాను. మద్రసా పంతులుకు ధైర్యం చెప్పడమంటే పూర్వుల చరిత్ర చెప్పడమే. బగ్దాదులో ఔషధ విక్రేతలు వైద్యుల నుంచి వేరుపడి ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగిన తీరు చెప్పాను. అంగళ్లలో కల్తీని ముహ్తసిబ్ అనే అధికారి తనిఖీ చేసేవాడని చెప్పాను. అల్ బిరూనీ వృద్ధాప్యంలో ఔషధాల మీద కితాబుస్సైదనా రాస్తూ ఒక్కో మందుకు అరబీ, పర్షియన్, గ్రీకు, సురియానీ, భారతీయ భాషల పేర్లు పోగుచేశాడని, మా అమ్మ మంచం మీద ఆమె చేసినదీ ఒక విధంగా అదే పని అనీ చెప్పాను. అంతా ఓపికగా విని, "బిరూనీకి గజనీ సుల్తాను కొలువు ఉండేది అబ్బాజాన్. కౌన్సెలింగుకు డబ్బు కట్టాలంటే నాకు శనివారం వరకే గడువు" అన్నది. చాలా రోజుల తర్వాత ఇంట్లో అందరం నవ్వాం.

నవ్వు ఆగిన తర్వాత ఆమె మాటలోని నిజం కనిపించింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి సభల్లో అందరూ మాట్లాడతారు. ఆయన అమెరికా వెళ్లడానికి మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలోని ఒక ధర్మసంస్థ ఇచ్చిన సాయం తోడయ్యాయని ఎవరూ చెప్పరు. అంతటి మేధావి కూడా ఇతరుల డబ్బుతోనే ఓడ ఎక్కాడు. మన సముదాయంలో పెళ్లి విందులకు అప్పు పుడుతుంది. ఆడపిల్ల పీజీ ఫీజుకు అప్పు అడగడానికి నేనే మొహమాటపడ్డాను. అడిగి ఉంటే ఎవరైనా కాదనేవారో లేదో తెలియదు. అడగలేదు కనుక ఆ శనివారం గడిచిపోయింది.

ఆమె గుంటూరులో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనికి చేరింది. ఉదయం ఏడున్నరకు బస్సు ఎక్కితే రాత్రి ఎనిమిదికి ఇల్లు. నిలబడి చేసే పని కావడంతో కాళ్లు వాచేవి. అయినా రాత్రి భోజనం తర్వాత పుస్తకం తీసేది. ఆ సంవత్సరంలోనే విజయవాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం. అబ్బాయి గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు. మధ్యవర్తి అన్నీ మాట్లాడి చివర ఒక మాట అన్నాడు: "అబ్బాయి చదువు డిగ్రీ వరకే. అమ్మాయి పీజీ మాట ఎత్తకపోతే బాగుంటుంది."

మా అమ్మకు ఆ సంబంధం నచ్చింది. నా శ్రీమతి రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా, మూడో రోజున నన్ను అడిగింది. "ఇంటికి మందులు తెచ్చినప్పుడల్లా మీరు అమ్మాయికి చూపించి గాని మీ అమ్మకు ఇవ్వడం లేదు. అంత నమ్మకం ఉన్న చదువును ఆపమని మీరే ఎలా చెబుతారు?" ఇరవై ఐదేళ్ల కాపురంలో ఆమె నన్ను ఇంత సూటిగా ప్రశ్నించడం అరుదు. నేను మధ్యవర్తికి ఫోను చేసి, "అమ్మాయి చదువుతుంది, ఆగగలిగితే ఆగమనండి" అని చెప్పాను. వారు ఆగలేదు. మా అమ్మ కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నది. ఇంతకీ ఆ గ్లిమిపిరైడ్ ప్రాణం నిలిచింది ఈ మనవరాలి చదువు వల్లనేనని ఆవిడకు గుర్తుచేసే సాహసం నేను చేయలేదు.

2023 మే నెలలో ఆమె మళ్లీ జీప్యాట్ రాసింది. ఈసారి నాకు చెప్పే రాసింది. పరీక్షా కేంద్రం బయట వేప చెట్టు కింద నేను మూడు గంటలు కూర్చున్నాను. నా పక్కన ఒక రైతు, ఒక ఆర్టీసీ కండక్టరు, చంటిబిడ్డను ఒడిలో పెట్టుకున్న ఒక యువకుడు ఉన్నారు. ఆ యువకుని భార్య లోపల రాస్తోంది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా కండక్టరు టికెట్ల సంచిలోని చిల్లర గలగలలాడించి ఊరడించాడు. పీజీ చదువు గురించి నాకు మిగిలిన జ్ఞాపకాలలో ఇదే మధురమైనది.

అర్హత వచ్చింది. విశాఖపట్నంలో సీటు వచ్చింది, ఫార్మకాలజీలోనే. ఇంటికి అంత దూరమా అని బంధువులు విడ్డూరంగా అడిగారు. స్టైపెండు చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల ఖర్చును ఈసారి మొహమాటం విడిచి మా మసీదు కమిటీలోని ఇద్దరు మిత్రుల దగ్గర అప్పు అడిగి తీర్చాను. ఇద్దరూ వెంటనే ఇచ్చారు. ఒకరైతే, "ముందే ఎందుకు చెప్పలేదు మౌలానా?" అని నిష్ఠూరమాడారు.

మొదటి సంవత్సరం తరగతులు, రెండో సంవత్సరం పరిశోధన. ఎలుకల మీద చేసే ప్రయోగానికి ముందు ఒక కమిటీ ఎదుట నిలబడి, ఎన్ని జంతువులు కావాలి, అంతకు తక్కువతో ఎందుకు కాదు, వాటికి నొప్పి కలగకుండా ఏం చేస్తావు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పాలట. మూగజీవుల హక్కుల గురించి నేను పాఠాల్లో చెప్పే విషయాలు అంత పద్ధతిగా ఒక చోట అమలవుతున్నాయని విని నాకు ఆశ్చర్యమూ సంతోషమూ కలిగాయి. ఆమె మందు ఒకటే అయినా వయసును బట్టి, మూత్రపిండాల స్థితిని బట్టి దాని పని ఎలా మారుతుందో చూస్తోంది. దాదీ ప్రశ్నే అది. మా అమ్మ మాత్రం ఆ పరిశోధన పూర్తి కాకముందే, నిద్రలోనే, తన ప్రభువు సన్నిధికి చేరుకుంది.

చదువు అయ్యాక ఏం ఉద్యోగం వస్తుంది? నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. ఆమె కన్నా ముందు చదివినవారిలో ఒకామె పరవాడలో మంచి ఉద్యోగం చేస్తోంది, ఇంకొకామె ఇంట్లో కూర్చుంది. పుస్తకాలిచ్చిన అధ్యాపకుడు ఆ కళాశాల వదిలి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరాడు. మందులు తిన్నవారికి కలిగిన దుష్ఫలితాల నివేదికలు చదివే పని. జీతం బాగుందట. సెలవు రోజుల్లో ఆ ప్రయోగశాల తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు.

నా రక్తపోటు మాత్రలు ఇప్పటికీ వీధి చివరి దుకాణంలోనే కొంటాను. ఆ పెద్దమనిషికి నా మీద కోపం లేదు. వెళ్లిన ప్రతిసారీ అమ్మాయి చదువు గురించి అడుగుతాడు. ఆయన తల వెనుక గోడకు అద్దపు చట్రంలో ఒక ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ పత్రం వేలాడుతోంది. దాని మీద ఒక ఆడపిల్ల పేరు ఉంది. ఆ అమ్మాయిని నేను ఆ దుకాణంలో ఎప్పుడూ చూడలేదు.